రంజీ మ్యాచ్‌కు ముందు రోజు

మ్యాచ్ చూడాలంటే మొదటి బంతి పడే వేళకు చేరుకుంటే చాలునని చాలామంది అనుకుంటారు. నా మటుకు నాకు, ముందు రోజు ఆటగాళ్ల సాధన చూడకపోతే మ్యాచ్‌లో సగం చూడనట్టే లెక్క. అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఇది కుదిరే పని కాదు. పోలీసులు, పాసులు, కట్టిన తాళ్లు దాటి వలల మధ్య సాధన చేసే నెట్స్ దగ్గరికి పోనివ్వరు. దేశంలోని రాష్ట్ర జట్లు తలపడే రంజీ ట్రోఫీ మ్యాచ్‌కు అంత కట్టుదిట్టం ఉండదు. కావలి మనిషిని మర్యాదగా అడిగి, అడ్డు రాకుండా ఒక పక్కన నిలబడితే, టీవీలో కనిపించే ఆటగాళ్లను పది అడుగుల దూరం నుంచి చూడవచ్చు.

విజయనగరంలో డాక్టర్ పి.వి.జి. రాజు ఏసీఏ (ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్) స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. ఆంధ్ర జట్టు సొంతగడ్డ మీద ఆడే మ్యాచ్‌లలో కొన్ని అక్కడ జరుగుతుంటాయి. సంక్రాంతి వెళ్లాక ఒక శుక్రవారం నుంచి అక్కడ మ్యాచ్ పడింది. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి, ఎడమచేతి స్పిన్ వేస్తాడు. వాణ్ణి వెంటబెట్టుకుని బుధవారమే బయలుదేరాను.

బుధవారం

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది మా ఆమదాలవలసలోనే. పండుగకు వచ్చినవాళ్ల తిరుగు ప్రయాణాలు ఇంకా ముగియలేదు. విశాఖ వైపు వెళ్లే ప్యాసింజరులో పిండివంటల డబ్బాలు, బియ్యం మూటలు, వాటి మధ్య చంటిపిల్లలు. మేనల్లుడికి కిటికీ పక్కన చోటు దొరికింది, నాకు తలుపు దగ్గర నిలబడే వీలు దొరికింది.

ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. వేదిక మీద ఆ పని కొన్ని నిమిషాల్లో అయిపోయింది. దాని వెనక ఊసవానిపేటలో గడిచిన తెల్లవారుజాములను ఏ కెమెరా చూపలేదు. మా వైపు పిల్లలకు ఈ సంగతి ఎప్పుడూ చెబుతూ ఉంటాను, వాడికీ మరోసారి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు.

నాగావళి వంతెన దాటి దూసి, ఖద్దరుకు పేరుపడ్డ పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. సుమారు 70 కిలోమీటర్ల దారి. కోతలు అయిపోయిన పొలాల్లో గడ్డికుప్పలు, అక్కడక్కడా పచ్చగా పెసర, మినుము. ఆ పొలాల్లోనే ఇటుకలు నిలబెట్టి ఆడుతున్న పిల్లలు నెల్లిమర్ల దాకా కనిపిస్తూనే ఉన్నారు.

ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర గది తీసుకుని సాయంత్రం ఊళ్లోకి నడిచాము. గంటస్తంభం, మూడు లాంతర్లు, పైడితల్లి అమ్మవారి గుడి, కోట. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల వైపు వెళ్తే ఏదో కిటికీలోంచి వయొలిన్ వినిపించింది. ఎవరో విద్యార్థి జంట వరుసలు వాయిస్తున్నాడు. ఒకచోట విల్లు తడబడింది. ఆపాడు, మొదటికి వచ్చాడు. మళ్లీ అక్కడే తడబడింది, మళ్లీ మొదటికి వచ్చాడు. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులుగా ఉన్న కళాశాల అది. కచేరీల సంగతి పుస్తకాల్లో చదువుకోవచ్చు. ఈ తడబాటు వినాలంటే మాత్రం ఆ వీధిలో నిలబడాలి. ఆ పిల్లవాడు తప్పు దాటేదాకా మేము అక్కడినుంచి కదల్లేదు.

విజయనగరంలో క్రికెట్ అంటే ముందుగా వచ్చే పేరు విజ్జీ. మహారాజ్ కుమార్ విజయానంద గజపతిరాజు. 1930-31లో ఇంగ్లండ్ మేటి బ్యాటర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను పిలిపించి తన జట్టులో ఆడించిన మనిషి. 1936లో భారత జట్టుకు సారథిగా ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో రెండు ఓటములు, ఒక డ్రా. ఆరు ఇన్నింగ్స్‌లలో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. మొదటి టెస్టు కూడా మొదలవకముందే జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపించివేశారు. విజ్జీ ఆటకు డబ్బు పెట్టాడు, భారత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు. ఇవన్నీ నిజమే. అయినా ఒక యువరాజుకు హోదాను బట్టి దక్కిన ఆ నాయకత్వం భారత క్రికెట్‌కు చేటు చేసిందనే నా అభిప్రాయం. ఆయన అన్నగారి కొడుకు పి.వి.జి. రాజు. ఆ పేరు మీద ఉన్న మైదానంలో ఇవాళ పొందూరు నుంచి వచ్చిన పిల్లవాడైనా బంతి వేసి తన చోటు సంపాదించుకోవచ్చు. కోట గోడ పక్కన నడుస్తూ వాడితో చివరి మాట మాత్రమే చెప్పాను.

గురువారం

ఉదయం ఇడ్లీలు తిని ఆటోలో మైదానానికి చేరేసరికి ఎనిమిదిన్నర. ఉదయం పూట ఆంధ్ర జట్టుకు, మధ్యాహ్నం ఉత్తరాది నుంచి వచ్చిన జట్టుకు నెట్స్. గేటు దగ్గర మాతోపాటు ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి, సైకిళ్ల మీద వచ్చిన నలుగురైదుగురు పిల్లలు. “అరవకండి, బంతి మీ వైపు వస్తే చేత్తో ఆపకండి” అని రెండే మాటలు చెప్పి లోపలికి పంపించాడు కావలి మనిషి.

ముందు పిచ్ దగ్గరికి వెళ్లాము. చుట్టూ తాడు కట్టి ఉంది, అంతవరకే అనుమతి. 20.12 మీటర్ల పొడవు, 3.05 మీటర్ల వెడల్పు ఉన్న ఆ నేలపట్టీ మీద నలుగురు మనుషులు రోలర్ నడుపుతున్నారు. క్రికెట్ నిబంధనల ప్రకారం మ్యాచ్ జరిగే రోజుల్లో ఆ పట్టీ మీద సాధన చేయకూడదు. ముందు రోజు కూడా దాన్ని ఎవరూ తొక్కరు. నెట్స్ వేరే వైపు. కోచ్ వచ్చి గొంతుకూర్చున్నాడు. బొటనవేలితో నొక్కి చూశాడు, పిడికిలి కణుపులతో తట్టి చెవి ఒగ్గాడు. బోలుగా మోగితే లోపల ఎండిపోయినట్టు, మొద్దుగా మోగితే తడి ఉన్నట్టు. మైదానం పనివాళ్లలో పెద్దాయన మా వైపు వచ్చి బీడీ ముట్టించుకున్నాడు. వికెట్ ఎలా ఉంటుందని అడిగాను.

“రాత్రి మంచు పడుతోంది మాస్టారూ. పొద్దున్న ఒక గంట బంతి అటూ ఇటూ కదులుతుంది. ఎండ ఎక్కిందంటే బ్యాటుదే రాజ్యం. మూడో రోజుకు పగుళ్లొస్తే అప్పుడు స్పిన్నర్ల వంతు. నీళ్లు ఎప్పుడు ఆపాలో తెలిస్తే చాలు, మిగతాది రోలర్ చూసుకుంటుంది.”

నేను మాస్టారినని ఆయన ఎలా కనిపెట్టాడో తెలియదు. ఆయన చెప్పిన ఆ ఒక గంట గురించే ఆ రోజు సాధనంతా జరిగిందని నెట్స్ దగ్గరికి వెళ్లాక అర్థమైంది.

మూడు నెట్లు. ఒకదానిలో పేసర్లు, ఒకదానిలో స్పిన్నర్లు, మూడోదానిలో సైడ్ ఆర్మ్‌తో బంతులు విసిరే సహాయకుడు. సైడ్ ఆర్మ్ అంటే చివర చిన్న దొప్ప ఉన్న పొడవాటి ప్లాస్టిక్ కర్ర. భుజం అరిగిపోకుండా వేగవంతమైన బంతులు ఎన్నయినా విసరడానికి పనికొస్తుంది. ఆ మూడో నెట్‌లో ఓపెనర్ నిలబడ్డాడు. సహాయకుడు కొత్త ఎస్‌జీ బంతి తీసుకున్నాడు. మీరట్‌లో చేత్తో కుట్టే ఆ బంతికి సీమ్, అంటే కుట్టు, ఎత్తుగా, గరుకుగా ఉంటుంది. అది నేలను ఎలా తాకిందో బట్టి లోపలికో బయటికో తిరుగుతుంది.

మొదటి బంతి ఆఫ్ స్టంప్, అంటే మూడు స్టంపుల్లో బ్యాటర్ కాళ్లకు దూరంగా ఉండేది, దాని అవతల పడింది. ఓపెనర్ బ్యాటు పైకెత్తి వదిలేశాడు. రెండోదీ వదిలేశాడు. మూడోదీ అంతే. ఇంత చక్కని ఆటగాడు ఒక్క షాటూ కొట్టడేమిటని పక్కనున్న పిల్లలు మొహాలు చూసుకున్నారు. నేను నెట్‌కు ఇంకాస్త దగ్గరగా జరిగి అతని కాళ్లు చూశాను. వెనక్కాలు ప్రతిసారీ ఒకే గీత మీద, ఆఫ్ స్టంప్‌కు సూటిగా ముందుకు వచ్చి ఆగుతోంది. తల ఆ కాలి మీదుగా ఉంటోంది. కంటికి అవతల పడిన బంతి అంటే స్టంప్ అవతల పోయే బంతి, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. వదిలిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, బంతి స్టంప్‌కు ఎంత దూరంగా పోయిందో చూసుకుంటున్నాడు. విసిరేవాడు “ఎంత?” అంటే “జానెడు”, “బెత్తెడు” అని జవాబిస్తున్నాడు.

ఒక బంతి లోపలికి వచ్చింది. అతను బ్యాటు ఎత్తేసి ఉన్నాడు. ఆఫ్ స్టంప్ ఎగిరి వెనక వలకు తగిలింది. ఎవరూ ఏమీ అనలేదు. అతనే వెళ్లి స్టంప్ తెచ్చి పాతాడు, తాను నిలబడే చోటుకు గుర్తుగా పెట్టుకునే గార్డు గీతను బూటు మొనతో మళ్లీ గీసుకున్నాడు. ఈసారి గీత ముందటిదానికి ఒక వేలెడు ఆఫ్ వైపుగా పడింది. “అదే బంతి మళ్లీ వెయ్యి” అన్నాడు. వేశాడు. ఈసారి బ్యాటు దించి ఆడాడు, బంతి చప్పుడు లేకుండా కాళ్ల దగ్గర పడింది. మళ్లీ అదే అడిగాడు. ఒకే బంతిని లోపలికి, బయటికి కలిపి వేయమని అడిగి, ఏది వదలాలో ఏది ఆడాలో తేల్చుకుంటూ ముప్పావు గంట గడిపాడు. ఆఖరున మాత్రం మూడు కవర్ డ్రైవులు కొట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టింది వాటికే.

రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులది. గెలిస్తే 6 పాయింట్లు. డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం సాధించిన జట్టుకు 3, అవతలి జట్టుకు 1. ఆ మూడుకూ ఒకటికీ మధ్య తేడా చాలాసార్లు మొదటి ఉదయమే నిర్ణయమవుతుంది. కొత్త బంతి పాతబడే దాకా ఎవరు నిలబడ్డారన్నదే ముఖ్యం. ముప్పావు గంట బంతులు వదిలిన ఆ మనిషి ఆ మూడు పాయింట్ల కోసం పని చేస్తున్నాడు.

వికెట్‌కీపర్ సాధన మైదానం ఇంకో మూల. కోచ్ స్పిన్నర్‌లా బంతులు విసురుతున్నాడు. స్టంప్‌ల ముందు ఒక ఆటగాడు బ్యాటు ఊపి కావాలనే బంతిని తప్పిస్తున్నాడు, కీపర్‌కు చివరి క్షణం దాకా బంతి కనబడకూడదు. బంతి నేలను తాకేదాకా కీపర్ కూర్చునే ఉంటున్నాడు, దానితోపాటే లేస్తున్నాడు. ముందే లేస్తే తక్కువ ఎత్తులో వచ్చేది చేతుల కిందుగా పోతుంది. ఆంధ్ర కీపర్లలో కె.ఎస్. భరత్ పేరు చెప్పగానే అందరూ 2015లో ఒంగోలులో గోవా మీద చేసిన 308 గుర్తు చేసుకుంటారు. రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి కీపర్ ఆయనే. కానీ కీపర్ అసలు కష్టం స్కోరు పుస్తకంలోకి ఎక్కదు. మేము చూసిన కీపర్ ఎండలో ఎన్నిసార్లు కూర్చుని లేచాడో లెక్కలేదు. చివరికి గ్లవ్ తీస్తే లోపలి గ్లవ్ తడిసి చేతికి అంటుకుపోయి ఉంది. వేళ్ల చివర్లకు తెల్లని టేపు చుట్టి ఉంది.

మా వాడు మాత్రం స్పిన్నర్ల నెట్‌ను వదల్లేదు. అక్కడొక ఎడమచేతి వాటం కుర్రవాడు, ఇరవై దాటి ఉండవు. రేపటి పదకొండు మందిలో ఉంటాడో లేడో తేలలేదని రైల్వే పెద్దమనిషి చెప్పాడు. 2021లో బోర్డు సవరించిన లెక్క ప్రకారం తుది జట్టులో ఆడేవారికి అనుభవాన్ని బట్టి రోజుకు 40,000 నుంచి 60,000 రూపాయలు. బయట కూర్చునేవారికి అందులో సగం. “డబ్బు సంగతి అటుంచండి, నీళ్ల సీసాలు మోసే చేతికి బంతి అందదు. బాధ అదే కదండీ” అన్నాడాయన.

ఆ కుర్రవాడు మిగతావాళ్లు వెళ్లిపోయాక కూడా ఉన్నాడు. ఒక్క స్టంప్ పాతుకున్నాడు. దాని ముందు, మంచి లెంగ్త్‌లో, అంటే బంతి నేలను తాకాల్సిన దూరంలో, జేబురుమాలు పరిచాడు. బ్యాటర్ లేడు, కీపర్ లేడు. బంతి వేయడం, నడిచి వెళ్లి తెచ్చుకోవడం. మా వాడు ఉండబట్టలేక వల వెనక్కి పరుగెత్తి బంతులు ఏరి అందించడం మొదలుపెట్టాడు. కాసేపటికి అతనే పలకరించాడు.

“నువ్వూ వేస్తావా తమ్ముడూ?”

“వేస్తానండీ. ఎడమచెయ్యే.”

“అయితే నా చెయ్యి చూడకు, ముందు కాలు చూడు. కాలు ఎటు పడితే ఒళ్లు అటే తిరుగుతుంది. చెయ్యి దాని వెనకే వస్తుంది.”

ఆ మాట చెప్పి నాలుగు బంతులు వేసి చూపించాడు. ముందు కాలి బూటు ముల్లులు నాలుగుసార్లూ ఒకే గుంటలో దిగాయి. చుట్టూ గడ్డి చెక్కు చెదరలేదు. రుమాలు మీద మట్టి మచ్చలు ఒకదానిపై ఒకటి పడి ఉన్నాయి. వాడికి ఆ గుంట చూపించి “వేలు పెట్టి చూడు” అన్నాడు. వాడు వంగి వేలు పెట్టాడు. నా పాతికేళ్ల బడి పనిలో ఇంతకంటే చక్కగా పాఠం చెప్పడం నేను చూడలేదు.

మధ్యాహ్నం వచ్చిన జట్టు సాధన కూడా కాసేపు చూశాము. వాళ్ల పేసర్లు టేపుతో రనప్ కొలిచి సున్నంతో గుర్తులు పెట్టుకున్నారు, ఆఫ్ స్టంప్ అవతల ఒకే చోట గురి చూసి వేశారు. మా ఓపెనర్ ఉదయం వదిలింది ఈ బంతులనే. రాత్రి గదిలో వాడు సుద్దముక్కతో నేల మీద గీత గీసి, బంతి లేకుండా ముందు కాలు వేసి చూసుకుంటూనే ఉన్నాడు. కింది గదివాళ్లు తలుపు కొట్టేదాకా సాగింది.

శుక్రవారం

ఆట తొమ్మిదిన్నరకు. టాస్ అవతలి జట్టు గెలిచి ఫీల్డింగ్ తీసుకుంది. ఈ మంచుకు ఎవరైనా అదే చేస్తారు. ఎడమచేతి కుర్రవాడి పేరు తుది జట్టులో లేదు. ప్రకటన వినగానే మా వాడి మొహం చిన్నబోయింది, నాకూ మనసు చివుక్కుమంది.

ఆంధ్ర జట్టు రంజీలో మొదటిసారి ఆడింది 1953-54లో. అప్పటికి యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు సారథి. అప్పటి నుంచి ఎందరో ఓపెనర్లు ఇలాంటి ఉదయాలు ఎదుర్కొని ఉంటారు. మా ఓపెనర్ గార్డు తీసుకుంటున్నప్పుడు బైనాక్యులర్‌తో చూశాను. గీత గురువారం జరిపిన చోటే ఉంది.

మొదటి గంటలో అతను చేసిన పరుగులు చాలా తక్కువ. బంతి పడుతోంది, బ్యాటు లేస్తోంది, కీపర్ అందుకుంటున్నాడు. స్టాండులో జనం కొద్దిమందే, అయినా సణుగుడు మొదలైంది. “టెస్టు ప్లేయర్ అనుకుంటున్నాడు, కొట్టు బాబూ” అని వెనకనుంచి ఒకాయన అరిచాడు. మా వాడు తిరిగి చూశాడు. “ఆయన వదలడం లేదండీ, కొలుస్తున్నాడు. ఆఫ్ స్టంప్ నుంచి జానెడు దూరం పోతోంది చూడండి” అన్నాడు. ఆయన నవ్వాడు కానీ ఆ తర్వాత అరవలేదు. రెండు ఓవర్ల తర్వాత ఆయనే “ఇది బెత్తెడే” అన్నాడు.

డ్రింక్స్ తర్వాత నేను ఎదురుచూసిందే జరిగింది. అవతల వేసి వేసి విసిగిన పేసర్ స్టంప్‌ల మీదికి వేయడం మొదలుపెట్టాడు. కాళ్ల మీదికి వచ్చిన మొదటి బంతిని ఓపెనర్ మిడ్‌వికెట్ వైపు మణికట్టుతో తిప్పి బౌండరీకి పంపాడు. మరుసటి ఓవర్లో అలాంటిదే ఇంకొకటి. ఎండ ఎక్కింది, మంచు తడి ఆరిపోయింది, కీపర్ పక్కన క్యాచ్‌ల కోసం కాచుకునే స్లిప్ ఫీల్డర్లు ఒక్కొక్కరే తగ్గారు. గంటసేపు బంతులు వదిలి ఆ బౌలర్‌ను తనకు కావలసిన చోటికి అతనే రప్పించుకున్నాడు. ముందు రోజు చూడకపోతే ఆ రెండు బౌండరీలే గుర్తుండేవి.

పదకొండున్నరకు లంచ్. ఆటగాళ్లు లోపలికి వెళ్తుంటే, నీళ్ల సీసాల పెట్టె కింద పెట్టి ఎడమచేతి కుర్రవాడు నెట్స్ వైపు పరుగెత్తాడు. నలభై నిమిషాల విరామంలో ఎంత వీలైతే అంత. మా వాడు నా వైపు చూశాడు. “వెళ్లు” అన్నాను. ఆ విరామమంతా బంతులు ఏరి అందించి వచ్చాడు. టీ విరామంలోనూ వెళ్లాడు. నాలుగున్నరకు ఆట ముగిశాక, ముగ్గురు పిల్లలు వల వెనక నిలబడి ఉన్నారు. అందులో వాడొకడు. ఓపెనర్ అవుటై చాలాసేపైంది. అతను కూడా వచ్చి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కాసేపటికి ప్యాడ్లు కట్టుకుని ఆ కుర్రవాడికి ఎదురుగా నిలబడ్డాడు.

రాత్రి రైలుకు వెళ్లిపోవాలనుకున్నాము. మా అక్కకు ఫోను చేసి ఇంకో రోజు ఉంటామని చెప్పాను.

“లెక్కల పుస్తకం వెంట తీసుకెళ్లాడా?” అని అడిగింది.

“తెచ్చాడు అక్కా.”

“అయితే రాత్రి రెండు అభ్యాసాలు చేయించి రేపు చూపించు. బావగారికి నేను చెప్పుకుంటాను.”

వాడికి చెప్పేసరికి బంతి చేతిలో పట్టుకుని వల దాకా వెళ్లిపోయాడు. రేపు మధ్యాహ్నానికి అవతలి జట్టు బ్యాటింగ్ మొదలవుతుందని, వాళ్ల నాలుగో నంబరు బ్యాటర్ గురువారం నెట్స్‌లో స్వీప్ షాటే సాధన చేశాడని, అది మన ఆఫ్ స్పిన్నర్ చూశాడో లేదో కనుక్కోవాలని అక్కడినుంచే కేకవేశాడు.